యంత్రం గుర్తించని మనిషికీ హక్కు ఉంది

ముఖ గుర్తింపు, బయోమెట్రిక్ ధ్రువీకరణ విధానాలపై ప్రత్యేక వ్యాసం

విమానాశ్రయ ప్రవేశద్వారం వద్ద కెమెరా ప్రయాణికుని ముఖాన్ని చూసి దారి ఇస్తున్నది. కార్యాలయాలలో ఉద్యోగి ముఖమే హాజరు పట్టీలో సంతకంగా మారినది. చౌకధరల దుకాణంలో వేలిముద్ర సరిపోలిన పిమ్మటనే బియ్యం తూకం వేస్తున్నారు. కాగితం చూపి తానెవరో నిరూపించుకునే కాలం నుంచి, నిలుచున్న చోటే మనిషిని పోల్చుకునే కాలానికి పౌరసేవలు చేరుకున్నాయి. ఈ విధానాల వలన కలిగే సౌకర్యం కాదనలేనిది. అయితే యంత్రం పొరబడినప్పుడు నష్టపోయేది ఎవరు, ఆ నష్టాన్ని నివారించవలసినది ఎవరు అన్న ప్రశ్నలు అంతే ముఖ్యమైనవి. అధికారులకు, పాత్రికేయులకు ఉపయుక్తంగా ఉండేందుకు ఈ విధానాల పనితీరును, పరిమితులను, పాటించవలసిన జాగ్రత్తలను ఇక్కడ వివరిస్తున్నాము.

వేలిముద్ర నుంచి ముఖం వరకు

శరీర లక్షణాల ఆధారంగా మనిషిని గుర్తించే ప్రయత్నానికి మన దేశంలో సుదీర్ఘ చరిత్ర ఉన్నది. 1858లో బెంగాల్ లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒప్పంద పత్రంపై గుత్తేదారు చేతిముద్రను తీసుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడినది. వేలిముద్రల వర్గీకరణ పద్ధతి ఎడ్వర్డ్ హెన్రీ పేరిట ప్రసిద్ధి చెందినప్పటికీ, దాని రూపకల్పనలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగుల కృషి ప్రధానమైనది.

ముఖాన్ని కంప్యూటరు ద్వారా పోల్చే పరిశోధనలు 1960 దశకంలో అమెరికాలో మొదలయ్యాయి. 1991లో టర్క్, పెంట్లాండ్ అనే శాస్త్రవేత్తలు ముఖచిత్రాలను గణిత రూపంలోకి మార్చి పోల్చే పద్ధతిని ప్రతిపాదించారు. చిత్రంలో ముఖం ఎక్కడ ఉన్నదో అతివేగంగా పసిగట్టే పద్ధతిని 2001లో వయోలా, జోన్స్ రూపొందించారు. 2014 నాటికి లక్షలాది ఛాయాచిత్రాలతో శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్కులు రంగప్రవేశం చేయడంతో ఈ పరిజ్ఞానం ప్రయోగశాల దాటి సామాన్యుని సెల్‌ఫోనులోకి వచ్చినది.

యంత్రం చూసేది ఏమిటి?

ముఖ గుర్తింపు నాలుగు దశలలో జరుగుతుంది. మొదట కెమెరా దృశ్యంలో ముఖాన్ని వేరుచేస్తారు. తరువాత కళ్లు, ముక్కు, నోరు ఉన్న స్థానాలను బట్టి దానిని సరిచేస్తారు. మూడవ దశలో ఆ ముఖ లక్షణాలను కొన్ని వందల సంఖ్యల వరుసగా మారుస్తారు. దీనినే టెంప్లేట్ అంటారు. చివరగా ఆ సంఖ్యలను ముందుగా భద్రపరచిన టెంప్లేట్ తో పోలుస్తారు. ఫొటోనో వీడియోనో చూపి మోసగించకుండా, ఎదుట ఉన్నది సజీవమైన మనిషేనా అని పరీక్షించే ఏర్పాటు కూడా అనేక విధానాలలో ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటి ఉన్నది. యంత్రం "ఇతడు ఫలానా వ్యక్తి" అని తనంత తానుగా చెప్పదు. రెండు టెంప్లేట్లు ఎంతమేరకు సరిపోలినవో మాత్రమే లెక్కగడుతుంది. ఎంత సరిపోలితే ఒకే మనిషిగా అంగీకరించాలన్న హద్దును మనుషులే నిర్ణయిస్తారు. ఆ హద్దును తగ్గిస్తే ఒకరిని మరొకరుగా పొరబడే ప్రమాదం పెరుగుతుంది. పెంచితే అసలు మనిషినే కాదనే ప్రమాదం పెరుగుతుంది. ఒకే పరికరంతో ఈ రెండు పొరపాట్లను ఒకేసారి పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. కనుక హద్దు నిర్ణయం సాంకేతిక విషయంగా కనిపించినా, నిజానికి అది పరిపాలనా నిర్ణయమే.

ధ్రువీకరణ వేరు, గుర్తింపు వేరు

వార్తలలో ఈ రెండు పదాలను తరచుగా ఒకే అర్థంలో వాడుతున్నారు. ఒక వ్యక్తి తన కార్డు లేదా సంఖ్యను తెలిపినప్పుడు, ఆ సంఖ్యకు చెందిన ఒక్క టెంప్లేట్ తోనే పోల్చడం ధ్రువీకరణ. రేషను దుకాణంలోనూ, పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రం విషయంలోనూ జరిగేది ఇదే. ఎవరో తెలియని వ్యక్తి ముఖాన్ని నిల్వ ఉన్న ముఖాలన్నింటితో పోల్చి వెదకడం గుర్తింపు. తప్పిపోయిన పిల్లల కోసం, అనుమానితుల కోసం జరిపే అన్వేషణ ఈ కోవకు చెందుతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చును. లక్ష పోలికలలో ఒక్కసారి మాత్రమే ఒకరిని మరొకరుగా పొరబడే యంత్రం ఉన్నదనుకుందాము. ఒకరితో ఒకరిని పోల్చినప్పుడు అది మిక్కిలి నమ్మదగినదే. అదే యంత్రంతో ఒక ముఖాన్ని 10 లక్షల ముఖాలలో వెదికితే, ఏ సంబంధమూ లేని సుమారు 10 మంది పేర్లు బయటకు రావచ్చును. కావున అన్వేషణలో లభించిన పేరు దర్యాప్తుకు ఆధారపు తీగ మాత్రమే, సాక్ష్యం కాదు.

పొరపాటు అందరికీ సమానం కాదు

బయోమెట్రిక్ పొరపాట్లు అందరిపైనా ఒకే విధంగా పడవు. మట్టి పనులు, రాతి పనులు చేసే కూలీల వేలిగీతలు అరిగిపోతాయి. వయసు పైబడినకొద్దీ చర్మం పొడిబారి ముద్ర స్పష్టంగా పడదు. కనుపాప చుట్టూ ఉండే వలయమైన ఐరిస్ ను చదివే యంత్రాలకు కొన్ని కంటి వ్యాధులు, శస్త్రచికిత్సలు ఆటంకమవుతాయి. ముఖం విషయంలో వెలుతురు, కెమెరా నాణ్యత, పాత ఛాయాచిత్రం వంటివి ఫలితాన్ని మారుస్తాయి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 189 అల్గారిథంలను పరిశీలించి 2019 డిసెంబరులో నివేదిక వెలువరించినది. వాటిలో అనేకం ఆసియా, ఆఫ్రికా సంతతి ముఖాల విషయంలో ఒకరిని మరొకరుగా పొరబడే అవకాశం, శ్వేతజాతీయులతో పోల్చితే 10 నుంచి 100 రెట్ల వరకు అధికంగా ఉన్నదని అందులో పేర్కొన్నారు. ప్రభుత్వ సాయం ఎవరికి అత్యవసరమో, యంత్రం తరచుగా కాదనేది కూడా వారినే కావడం గమనార్హం.

తెలుగు నేల అనుభవం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో ఉపాధి హామీ వేతనాలు, సామాజిక పింఛన్ల చెల్లింపుకు వేలిముద్రలతో కూడిన స్మార్టుకార్డులను ప్రవేశపెట్టారు. 2010-12 మధ్య 8 జిల్లాలలోని 157 మండలాలలో ఆర్థికవేత్తలు మురళీధరన్, నీహాస్, సుఖ్‌తంకర్ ప్రభుత్వ సహకారంతో జరిపిన అధ్యయనం 2016లో ప్రచురితమైనది. కూలీలకు వేతనం త్వరగా అందినదని, నిధుల దుర్వినియోగం తగ్గినదని, పథకం అందుబాటు తగ్గలేదని అందులో తేలినది. కార్డులేని వారికి సైతం చెల్లింపులు కొనసాగించడం ఈ విధానంలోని విశేషం. తరువాత అదే పరిశోధకులు జార్ఖండ్ రేషను దుకాణాలలో ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేసిన తీరును పరిశీలించారు. అక్కడ ముందుగా ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే ప్రయోజనం సగటున 10 శాతం తగ్గినట్లు వెల్లడైనది. బయోమెట్రిక్ విధానం ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదని, మినహాయింపులను అమలుపరచే తీరు కూడా ఫలితాన్ని మార్చగలదని ఈ రెండు అనుభవాలు చాటుతున్నాయి.

2015లో ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణాలలో ఈ-పాస్ యంత్రాలు ప్రవేశించినప్పుడు, వేలిముద్ర పడని వారి విషయంలో గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరణతో సరకులు ఇచ్చే వెసులుబాటు కల్పించారు. 2020 జనవరి పురపాలక ఎన్నికలలో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం కొంపల్లిలోని 10 పోలింగ్ కేంద్రాలలో ముఖ గుర్తింపును ప్రయోగాత్మకంగా పరీక్షించినది. యంత్రం గుర్తించనంత మాత్రాన ఓటు హక్కును నిరాకరించబోమని ముందుగానే స్పష్టం చేసినది. 2022 డిసెంబరు 1న దేశంలో ప్రారంభమై తదుపరి సంవత్సరం హైదరాబాద్, విజయవాడలకు విస్తరించిన డిజియాత్ర సైతం ప్రయాణికుల ఇష్టానుసారమైనదే. అది వద్దనుకున్న వారికి మామూలు ద్వారం తెరిచే ఉంటుంది.

చట్టం చెప్పేది

2016 నాటి ఆధార్ చట్టం 7వ సెక్షను, ఆధార్ సంఖ్య కేటాయింపు కాని వ్యక్తికి ప్రత్యామ్నాయ గుర్తింపు మార్గం చూపాలని నిర్దేశిస్తున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించినది. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సంక్షేమ పథకాలకు ఆధార్ వినియోగాన్ని సమర్థిస్తూనే, ధ్రువీకరణ విఫలమైనదన్న కారణంతో అర్హులకు ప్రయోజనం నిరాకరించరాదన్న విషయాన్ని నొక్కిచెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. దాని నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. అవి దశలవారీగా అమలులోకి వస్తాయి. రహస్య పదం బయటపడితే మార్చుకోవచ్చును, ముఖాన్ని మార్చుకోలేము. బయోమెట్రిక్ సమాచార భద్రత విషయంలో అదనపు జాగ్రత్త అవసరమన్నది అందుకే.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

క్షేత్రస్థాయిలో ఈ విధానాలను అమలుపరచే అధికారులు కొన్ని విషయాలను దృష్టిలో ఉంచుకొనుట అవసరం.

* ధ్రువీకరణ విఫలమైన ప్రతి సందర్భాన్నీ, కారణంతో సహా, రిజిస్టరులో నమోదు చేయాలి. 
* ఒక వేలు పనిచేయనప్పుడు మరొక వేలు, ఐరిస్, ఓటీపీ వంటి మార్గాలను వరుసగా ప్రయత్నించాలి. 
* అవన్నీ విఫలమైనప్పుడు సంతకం చేసి సేవ అందించే అధికారం ఎవరిదో లబ్ధిదారులకు తెలిసేలా బోర్డుపై రాసి ఉంచాలి. 
* సేకరించిన చిత్రాలను ఏ అవసరానికి తీసుకున్నారో దానికి మాత్రమే వినియోగించి, గడువు తీరగానే తొలగించాలి.

పాత్రికేయ మిత్రులు ఈ అంశంపై వార్తలు రాసేటప్పుడు, "99 శాతం ఖచ్చితత్వం" వంటి ప్రకటనలను యథాతథంగా స్వీకరించక, అది ధ్రువీకరణకు సంబంధించినదా, అన్వేషణకు సంబంధించినదా అని విచారించడం మంచిది. మిగిలిన ఒక్క శాతంలో ఎవరున్నారు, వారికి ఆ నెల సరకులు అందినవా అన్న ప్రశ్న కూడా వేయవలసినదే. కోటి మందికి వర్తించే పథకంలో ఒక్క శాతమంటే లక్ష మంది.

బోగస్ కార్డులను ఏరివేయడం, ప్రజాధనాన్ని కాపాడడం ప్రభుత్వాల బాధ్యత. యంత్రం ఆ పనిలో చక్కని సహాయకారి. అయితే జీవితమంతా కాయకష్టం చేసి వేలిగీతలు అరిగిపోయిన వృద్ధురాలు కౌంటరు వద్ద నిలిచినప్పుడు, ఆమె అర్హతను ఊరివారెల్లరూ ఎరుగుదురు, యంత్రం ఒక్కటే ఎరుగదు. ఆ లోటును పూరించవలసిన వారు అక్కడి ఉద్యోగి. ఆమెను వట్టి చేతులతో వెనుకకు పంపని నాడే ఈ సాంకేతిక పరిజ్ఞానం లక్ష్యం సార్థకమవుతుంది.