వారానికి ఇరవై గంటలు

"ఫీజు సంగతి మనం చూసుకుంటే చాలు. తిండి, అద్దె వాడే సంపాదించుకుంటాడు!"

పిల్లవాణ్ణి పైచదువుకు అమెరికా పంపే ఇళ్ళలో తరచు వినబడే మాట ఇది. ఈ భరోసా మీదనే ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చేవారూ ఉన్నారు. కాని, ఆ సంపాదన ఏపాటిదో, దానికి హద్దులేమిటో ముందుగా విచారించేవారు తక్కువ.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా చదువుకోవడానికి ఇచ్చేది. కొలువు చేయడానికి కాదు. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. అదైనా యూనివర్సిటీ ఆవరణలోనే. మొదటి ఏడాది ఆవరణ దాటి పనికి పోవడానికి సాధారణంగా అనుమతి లేదు. పెద్ద సెలవుల్లో మాత్రం ఆవరణలో పూర్తికాలం చేయవచ్చు. లైబ్రరీలో పుస్తకాలు సర్దడం, భోజనశాలలో గిన్నెలు కడగడం వంటివి దొరికే పనులు. అవీ అందరికీ దొరకవు. పరిశోధనలోనో, పాఠాలు చెప్పడంలోనో ఆచార్యులకు సాయపడే అవకాశం వస్తే ఫీజు భారం కూడా తగ్గవచ్చు. ఆ అదృష్టం కొద్దిమందిదే.

ఇక లెక్క చూద్దాం. గంటకు 12 డాలర్లు ఇస్తారనుకుందాం. వారానికి 240, నెలకు వెయ్యి పైచిలుకు. నలుగురితో పంచుకున్న అద్దె, బియ్యం, పప్పు, బస్సు, ఫోను, వీటికి సరిపెట్టుకోగలిగితే గొప్పే. ఫీజుకు మిగలదు. ఇక్కడి బ్యాంకు వడ్డీకి అసలే మిగలదు.

ఆ లోటు పూడ్చడానికి కొందరు ఏ హోటల్లోనో, పెట్రోలు బంకులోనో చాటుగా చేరతారు. జీతం చేతికిస్తారు, కాగితం ఉండదు. యజమాని ఎగవేస్తే నోరెత్తే ధైర్యం ఉండదు. బయటపడితే విద్యార్థి హోదాయే పోవచ్చు. చదువు మధ్యలో ఆగుతుంది. అప్పు మాత్రం ఆగదు.

ఇతర దేశాల్లోనూ హద్దులున్నాయి. బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థులకు చదువు రోజుల్లో వారానికి 20 గంటలు. ఆస్ట్రేలియా 2023 జూలై నుంచి రెండు వారాలకు 48 గంటలని నిర్ణయించింది. కెనడా 2024 నవంబరు నుంచి ఆవరణ వెలుపల వారానికి 24 గంటలు చేసుకోనిచ్చింది.

కష్టపడి పని చేయడం చిన్నతనం కాదు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల తొలినాళ్ళలో హార్వర్డులో చదవడానికి బోస్టన్ చేరినప్పుడు, రాత్రివేళ ఆసుపత్రిలో పోర్టరుగా రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. 1930లో అదే హార్వర్డులో డాక్టరేటు పొందారు. అయితే, ఆయన ప్రయాణం వెనుక మామగారు కూడదీసిన సొమ్ము, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట ఉన్నాయి. ఒక్క పోర్టరు జీతాన్నే నమ్ముకుని ఆయన ఓడ ఎక్కలేదు.

కనుక తల్లిదండ్రులు చేయవలసింది ఒకటే. మొదటి ఏడాది ఫీజు, తిండి, అద్దె మొత్తం కాగితం మీద వేసుకోండి. పిల్లవాడి సంపాదన అనే గడిలో సున్న పెట్టండి. అప్పుడు కూడా లెక్క నిలబడితే పంపండి. అక్కడ ఏ పనిలో చేరేముందయినా యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడగమని మరీ మరీ చెప్పండి.

రాత్రంతా నిలబడి పని చేసి, తెల్లవారి క్లాసులో కునికిపాట్లు పడే కుర్రవాడు కూడా ఫోనులో, "బాగానే ఉన్నానమ్మా" అనే అంటాడు. "ఎంత సంపాదిస్తున్నావురా?" అని అడగడానికి ముందు, "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావురా?" అని అడగండి. మనం వేసిన లెక్క సరైనదో కాదో ఆ జవాబే చెబుతుంది.