క్లేడన్ మేడమీది ఉత్తరాలు

మన ఇళ్ళలో వెనుక వచ్చిన ఉత్తరాలన్నీ ఇనుపతీగకు గుచ్చి వ్రేలాడదీసేవారు. తీగ నిండితే పొయ్యిలోకి! ఇంగ్లండులో, బకింగ్‌హాంషైరులోని వెర్నీ వంశీకులు మాత్రం చేతికందిన కాగితమల్లా దాచారు కాబోలు. క్లేడన్ హౌస్ అనే వారి భవంతిలో మేడమీద పెట్టెలకొద్దీ కాగితాలు పడివున్నాయి. పదిహేడవ శతాబ్దపు ఉత్తరాలే 30,000కు పైగా!

1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. ఇంటి పెద్ద సర్ ఎడ్మండ్ వెర్నీ రాజుగారి ధ్వజం పట్టి, ఎడ్జ్‌హిల్ రణరంగంలో ఆ యేడే ప్రాణం విడిచాడు. పెద్దకొడుకు రాల్ఫ్‌ది పార్లమెంటు పక్షం. తండ్రి పేరే గల తమ్ముడిది రాజపక్షం. తమ్ముడు నిష్ఠూరమాడుతూ వ్రాసిన ఉత్తరాన్ని ఆ అన్నే భద్రంగా దాచాడు. మనలో ఎందరం దాస్తాం? తరువాత ఇద్దరూ కలుసుకొన్నారనుకోండి.

పార్లమెంటువారు కోరిన ప్రమాణపత్రం మీద సంతకం చెయ్యడానికి మనసొప్పక రాల్ఫ్ 1643లో ఫ్రాన్సు చేరాడు. ఆస్తి జప్తయింది. దానిని విడిపించడానికి 1646లో భార్య మేరీ ఒంటరిగా, అందులోనూ గర్భవతిగా, ఇంగ్లండు వచ్చింది. మరుసటి యేడు ఇక్కడ పుట్టిన పసివాడూ, అక్కడ తండ్రి దగ్గరున్న కూతురూ కొద్దిరోజుల తేడాలో పోయారు. నడుమ సముద్రం, భార్యాభర్తలకు దిక్కు ఉత్తరమే. ఆ ఇల్లాలు ఆస్తి విడిపించే భర్తను చేరుకొంది. 1650లో పరాయిదేశంలోనే కన్నుమూసింది. నా మట్టుకు ఆ వంశంలో అసలు వీరురాలు ఈమే.

ఈ వంశంలోనివాడే నౌకాదళాధికారి ఎడ్మండ్ హోప్ వెర్నీ. 1857లో షానన్ అనే ఓడలో మన దేశం వచ్చి, ఓడ ఫిరంగులతో లక్నో దాకా నడిచిన పటాలంలో పనిచేశాడు. తరువాత గ్రాప్లర్ అనే చిన్న యుద్ధనౌకకు అధిపతిగా వాంకూవర్ దీవి నుండి తండ్రికి వ్రాసిన ఉత్తరాలు 1996లో పుస్తకంగా వెలువడ్డాయి.

ఇతడి సవతితల్లి పార్థినోప్ — ఫ్లారెన్సు నైటింగేల్‌కు స్వయానా అక్క — కీళ్ళవాతంతో బాధపడుతూనే పాత కాగితాలు చదివి వంశచరిత్ర కూర్చింది. అచ్చు కాకముందే 1890లో మరణించింది. మరుసటి యేడు, పార్లమెంటు సభ్యుడుగా ఉన్న ఎడ్మండ్, ఒక యువతిని చెడుదారికి లాగడానికి కుట్రపన్నిన నేరం ఒప్పుకొని జైలుకు వెళ్ళాడు. కామన్స్ సభ అతణ్ణి వెళ్ళగొట్టింది. పరువు బజారున పడ్డ ఆ ఇంట్లో కూర్చుని, అతడి భార్య మార్గరెట్ అత్తగారు విడిచిన పని అందుకొంది. నాలుగవ సంపుటం 1899లో వచ్చింది. ఆమె మనసులో ఏముందో గాని, కలం ఆగలేదు.

క్లేడన్‌లో నైటింగేల్ ఉత్తరాలు కూడా ఉన్నాయి. ఆమె మన దేశం ఎన్నడూ చూడలేదు. అయినా ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో, మన రైతుల నీటి ఇబ్బందుల గురించి ఉత్తరప్రత్యుత్తరాలు నడిపింది. 1956లో భవంతి నేషనల్ ట్రస్టు అధీనమైంది. ఆమె బస చేసిన గదిని ఇప్పటికీ చూపిస్తారు.