వానాకాలం బురదలో సైకిలు బాల్సులు కాపాడుకోవడం ఎలా?



మనలో చాలామంది ఇళ్లలో సైకిలు ఉంటుంది. వానాకాలం వచ్చిందంటే పెడలు తొక్కేకాడ కటకటమని చప్పుడు వస్తుంది. చప్పుడే కదా అని ఊరుకుంటాం. అట్లా ఊరుకోకూడదని నేను ఎట్లా తెలుసుకున్నానో ముందు చెప్తాను.

మా గూడెం భద్రాచలం వైపు అడవిలో ఉంది. మా చెల్లి ఇంటికాడ ఉండి 7 కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి సైకిలు మీద పోతుంది. దారిలో ఒక వాగు, ఆ తర్వాత రేగడి బురద. పోయిన సంవత్సరం వానల్లో ఒకనాడు పెడలు తిరగకుండా బిగుసుకుపోయింది. నాయనకు నాట్ల పని. సైకిలు షాపు సంత ఊళ్లో ఉంది. చెల్లి 11 రోజులు బడికి పోలేదు. మా మేనత్త "ఆడపిల్ల, ఇంక చాల్లే, మేకలు కాసుకోనీ" అన్నది. అమ్మ కూడా ఏమీ అనలేదంట. నేను సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి తెలిసి నాకు చాలా భయమేసింది. నాయనను బతిమాలి, ఇద్దరం సైకిలును నడిపించుకుంటూ షాపుకు తీసుకుపోయాం.

షాపాయన విప్పితే లోపలినుంచి ఎర్రటి తుప్పు నీళ్లు కారాయి. గ్రీజు అసలు లేదు. రెండు బాల్సులు పగిలి ఉన్నాయి. "ఈ సైకిలును ఎట్లా కడుగుతున్నారు?" అని అడిగాడు. చెల్లి రోజూ సాయంత్రం పొలం మోటరు పైపు పెట్టి, పెడలు సందులో బురద పోయేదాకా కడిగేది. తర్వాత అక్కడే నూనె పోసేది. అట్లా చేయమని చెప్పింది నేనే! సైకిలు శుభ్రంగా ఉంటే పాడుకాదు అనుకున్నాను. "బురద కంటే మీ పైపే ఎక్కువ పాడుచేసింది" అన్నాడు షాపాయన. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

లోపల ఏముంటుంది?

రెండు పెడళ్ల మధ్య ఒక అడ్డ గొట్టం ఉంటుంది. దానిలో ఇనుప ఇరుసు ఉంటుంది. షాపులో దాన్ని బీబీ యాక్సిల్ అంటారు. గొట్టానికి రెండు పక్కలా రెండు కప్పులు బిగించి ఉంటాయి. మామూలు సైకిలుకు ఒక్కో కప్పులో 11 చొప్పున మొత్తం 22 ఇనుప గోళీలు ఉంటాయి. వీటినే బాల్సులు అంటారు. ఒక్కోటి పావు అంగుళం. కొన్ని సైకిళ్లలో బాల్సులు ఒక రింగులో అమర్చి వస్తాయి, అప్పుడు తక్కువ ఉంటాయి.

ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం చదివాం కదా. జారే వస్తువు కంటే దొర్లే వస్తువుకు ఘర్షణ తక్కువ. ఇరుసు కప్పును రాసుకోకుండా బాల్సుల మీద దొర్లుతుంది. ఫ్రాన్సు దేశంలో జూల్ సురిరే అనే సైకిలు మెకానిక్కు 1869లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అదే సంవత్సరం ఇట్లాంటి బాల్సులున్న సైకిలు మీదనే జేమ్స్ మూర్ అనే ఆయన పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పందెం గెలిచాడు.

ఎందుకు పాడవుతాయి?

గ్రీజు రెండు పనులు చేస్తుంది. బాల్సులు నున్నగా తిరగనిస్తుంది, నీళ్లను రానివ్వదు. పైపు నీళ్లు జోరుగా కొడితే సన్న ఇసుక కూడా సందులోంచి లోపలికి పోతుంది. పలచటి నూనె పోస్తే గ్రీజు కరిగి బయటకు కారిపోతుంది. అప్పుడు నీళ్లకు తుప్పు పడుతుంది, ఇసుక సానరాయిలాగా బాల్సులను అరగదీస్తుంది. సీటు గొట్టం పైనుంచి కూడా వాన నీళ్లు దిగుతాయి. దిగిన నీళ్లన్నీ ఈ అడ్డ గొట్టంలోకే వచ్చి చేరతాయి.

ముందే గుర్తుపట్టడం

క్రాంకు, అంటే పెడలు ఉండే కడ్డీ, పట్టుకుని పక్కకు ఊపండి. రెండు క్రాంకులూ కలిసి లొడలొడ ఊగితే కప్పులు వదులైనట్టు. ఒక్కటే ఊగితే దాని కాటర్ పిన్ను వదులైనట్టు. చైను తీసి తిప్పితే గరగరమంటే లోపల ఇసుక చేరినట్టు.

విప్పి గ్రీజు పెట్టే పద్ధతి

1. కింద పాత గుడ్డ పరచండి. బాల్సులు దొర్లిపోతాయి.

2. కాటర్ పిన్ను నట్టు కొంచెం వదులుచేసి, దాని మీద చెక్క ముక్క ఆనించి కొట్టండి. నేరుగా సుత్తితో కొడితే మర చెడుతుంది.

3. చైను లేని ఎడమ పక్క కప్పు మాత్రమే విప్పండి. చైను పక్క కప్పుకు సాధారణంగా మర తిరగేసి ఉంటుంది. దాన్ని కదిలించక లోపలినుంచే తుడవచ్చు.

4. అన్నీ కిరసనాయిలుతో గాని డీజిలుతో గాని కడిగి బాగా ఆరబెట్టండి. పొయ్యి దగ్గర చేయకూడదు. ఇరుసు మీద, కప్పులో గుంటలు పడితే అవి మార్చాలి. బాల్సులు మారిస్తే అన్నీ ఒకేసారి మార్చాలి. పాతవి అరిగి చిన్నవవుతాయి, అప్పుడు బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది.

5. కప్పు నిండా గ్రీజు పూసి 11 బాల్సులు అద్దండి. కొంచెం ఖాళీ మిగులుతుంది. అది ఉండాలి. పన్నెండోది ఇరికించవద్దు.

6. నీళ్ల సీసా ప్లాస్టిక్కు ముక్క కత్తిరించి, చుట్టలాగా చుట్టి, గొట్టం లోపల కప్పుల మధ్య పెట్టండి. సీటు గొట్టంలోంచి దిగే తుప్పు, ఇసుక బాల్సుల మీద పడవు. అది ఇరుసుకు తగలకుండా చూసుకోండి.

7. లొడలొడ పోయేదాకా కప్పు బిగించి, పైన రింగు బిగించండి. రింగు బిగించేటప్పుడు కప్పు కదులుతుంది కాబట్టి మళ్లీ ఒకసారి తిప్పి చూడాలి. గట్టిగా తిరిగితే కొంచెం వదలాలి.

రోజూ చేయాల్సినవి

బురద ఎండనిచ్చి పుల్లతో రాల్చండి, తడిగుడ్డతో తుడవండి. నీళ్లు పోస్తే చక్రాల మీద మెల్లగా పోయండి. సీటు గొట్టం సందుకు పాత ట్యూబు రబ్బరు చుట్టండి. ముందు మడ్గార్డుకు కింద రబ్బరు ముక్క వేలాడదీస్తే బురద పెడళ్ల మీదికి చిమ్మదు. వాగులో సైకిలును ఎత్తి దాటించండి. అడ్డ గొట్టం మునిగితే ఆ వారంలోనే విప్పి చూడాలి. వానలకు ముందు ఒకసారి, వానలు పోయాక ఒకసారి గ్రీజు మార్చాలి.

గేర్ల సైకిళ్లలో కొన్నిటికి బాల్సులన్నీ మూతపెట్టిన డబ్బాలో ఉంటాయి. పాడైతే డబ్బా మొత్తం మార్చాలి. దానికి కూడా జోరు నీళ్లు కొట్టకూడదు.

ఈ సంవత్సరం వానలకు ముందు చెల్లీ నేనూ నాయన పానాతో మా సైకిలు విప్పాం. ఒక బాలు దొర్లి గాదె కిందికి పోయింది. "21తో బిగిద్దాం అక్కా" అంది చెల్లి. నేను ఒప్పుకోలేదు. మేనత్తే చీపురుతో తీసి ఇచ్చింది. ఇప్పుడు సైకిలు చప్పుడు లేకుండా పోతున్నది. చెల్లి ఒక్కరోజు కూడా బడి మానలేదు.

మన వాచ్‌మెన్ తాత సైకిలు కూడా కటకటమంటున్నది. ఆదివారం టిఫిన్ అయ్యాక వంటశాల వెనక దాన్ని విప్పుదాం. మేడం గారు సరే అన్నారు. నేర్చుకోవాలనుకునేవాళ్లు ఒక పాత గుడ్డ తెచ్చుకోండి.

ఇట్లు,
మీ అక్క,
9వ తరగతి