మీకు తెలుసా? ఊపిరితిత్తిలోంచి కారిన గాలి మెడ దాకా పాకుతుంది

 

కోవిడ్ ముదిరిన కొందరిలో ఊపిరితిత్తుల గాలిగదులు చిట్లుతాయి. గాలి రక్తనాళాల వెంబడి పాకి రొమ్ము మధ్యకు, అక్కణ్నుంచి మెడ చర్మం కిందికి చేరుతుంది. వేలితో నొక్కితే అక్కడ కరకరమంటుంది. ఈ దారిని కెనడా శాస్త్రవేత్త చార్లెస్ మాక్లిన్ 1939లోనే వివరించాడు.

తప్పంతా వెంటిలేటర్‌దే అనుకోవద్దు. అది పెట్టని కోవిడ్ రోగుల్లోనూ ఇలా జరిగింది. కొద్దిపాటి గాలైతే దానంతటదే ఇంకిపోవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ చేరి నొక్కేస్తే మాత్రం ప్రాణాపాయమే, ఛాతీలో గొట్టం వేసి తీయాలి. కోలుకుని ఇంటికొచ్చాక కూడా ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీనొప్పి, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.