బల్బు కనిపించని దీపం

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో మనమంతా చెక్కతో ఒక హాఫ్ ల్యాప్ జాయింట్ చేసి, మార్కులు పడ్డాక దాన్ని మర్చిపోయినవాళ్లమే. ఆ మాత్రం పనితనంతో ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పే దీపం ఒకటుంది.

అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన పిన్నమ్మలు నడిపిన హిల్‌సైడ్ స్కూల్‌కి విస్కాన్సిన్‌లో భవనం కట్టిచ్చాడు. స్కూల్ మూతపడ్డాక, 1933లో దాని వ్యాయామశాలను నాటకశాలగా మార్చాడు. అందులో వేలాడదీయడానికి గీసిన దీపాన్నే తర్వాత నేలమీద నిలబెట్టే దీపంగా మలిచాడు. పక్కనే ఉన్న ఆయన ఇంటి పేరే దానికీ వచ్చింది: టాలియెసిన్.

నిర్మాణం చాలా సింపుల్. ఒక నిలువు చెక్క కంబం, దానికి రకరకాల ఎత్తుల్లో చిన్న చెక్క పెట్టెలు, లోపల బల్బులు. పెట్టెలోంచి వచ్చిన వెలుగు ఎదురుగా ఉన్న చెక్క పలకకు తగిలి, అక్కణ్నుంచి గదిలోకి వస్తుంది.

దీనివల్ల ఏంటి లాభం? బల్బు చిన్నది కాబట్టి వెలుగంతా ఒకేచోట నుంచి కంట్లో గుచ్చుకుంటుంది. అదే వెలుగు వెడల్పాటి పలకమీద పరుచుకుంటే ఆ గుచ్చుకోవడం పోతుంది. పైగా చెక్క నీలం కాంతిని ఎక్కువగా మింగేసి, పసుపు, ఎరుపుల్ని వెనక్కి పంపుతుంది. అందుకే ఆ వెచ్చదనం. కాకపోతే కొంత వెలుగు చెక్కలోనే పోతుంది. కాబట్టి గదికి బాగుంటుంది గానీ, పరీక్ష ముందురోజు చదువుకి టేబుల్ ల్యాంప్ వేరే ఉండాల్సిందే.

దీనిమీద నగిషీలు ఉండవు. యంత్రం చెక్కను తిన్నగా, శుభ్రంగా కోయగలదు, అలా కోస్తేనే చెక్క అందం బయటపడుతుందని రైట్ 1901లోనే షికాగోలో ఒక ప్రసంగంలో వాదించాడు. ఈ దీపంలో కనిపించేది ఆ మాటే.

ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే రెండు జాగ్రత్తలు. పాత ఫిలమెంట్ బల్బు తీసుకున్న కరెంటులో దాదాపు 90 శాతం వేడిగానే పోతుంది. చెక్కపెట్టెలో అది ప్రమాదం, ఎల్‌ఈడీయే వాడాలి. రెండోది, పెట్టెలన్నీ ఒకే వైపు బిగిస్తే బరువు అటే లాగుతుంది. గరిమనాభి నుంచి కిందికి గీసిన గీత పీట దాటిందంటే దీపం పడిపోతుంది. పీట వెడల్పుగా, బరువుగా ఉండాలి.

మెకానిక్స్, ఆప్టిక్స్, వడ్రంగం... అన్నీ మన సిలబస్‌లోవే. ఈసారి జాయింట్ చేశాక పారేయకండి.