పన్నును బయటికి తెచ్చేదెవరు?

‘మా అమ్మాయికి పాలపన్ను ఊడింది. చూస్తే దానికి వేరే లేదు. విరిగి లోపల ఉండిపోయిందేమో?’ అని ఒక పాఠకురాలు అడిగారు. లేదమ్మా, విరగలేదు, కరిగిపోయింది. దాన్ని కరిగించిందెవరన్నదే అసలు కథ.

పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32, ఆరో ఏట మార్పు మొదలు. ఇదంతా స్కూలు పుస్తకంలో ఉన్నదే. కానీ ఎముకలో కూరుకుపోయి ఉన్న పన్ను బయటికెలా వస్తుంది? వేరు పెరుగుతూ అడుగును తన్ని పన్నును పైకి లేపుతుందని చాలాకాలం నమ్మారు. మరి వేరు ఏర్పడని పళ్లూ బయటికొస్తాయే! కాదు, అడుగున ఉండే రక్తపు ఒత్తిడి అన్నారు ఇంకొందరు.

1980 దశకంలో అమెరికా శాస్త్రవేత్తలు శాండీ మార్క్స్, డొనాల్డ్ కేహిల్ ఒక గడుసు పని చేశారు. కుక్కపిల్లల దవడలో ఇంకా మొలవని పన్నును తీసేసి, దాని చుట్టూ ఉండే పల్చని సంచిని మాత్రం ఉంచి, అందులో లోహపు నకిలీ పన్ను పెట్టారు. ఆ నకిలీ పన్ను కూడా మొలిచింది! సంచిని తీసేసి అసలు పన్నును వదిలేస్తే మాత్రం అది కదల్లేదు. పెత్తనమంతా సంచిదే, పన్ను ఉత్త ప్రయాణికుడు.

సంచి పైభాగం రసాయన సంకేతాలిచ్చి ఆస్టియోక్లాస్టులనే కణాలను రప్పిస్తుంది. దారిలో ఉన్న ఎముకనూ పాలపన్ను వేరునూ అవే కరిగిస్తాయి. అడుగుభాగాన కొత్త ఎముక పేరుకుంటుంది. ఈ కణాలు పనిచేయని ఆస్టియోపెట్రోసిస్ జబ్బులో పళ్లు దవడలోనే చిక్కుకుపోతాయి.

చిగురు దాటాక పన్ను ఎదుటి పన్ను తగిలేదాకా సాగుతుంది, అదీ ఎక్కువగా రాత్రి తొలి జాముల్లో. ఎదుటి పన్ను పోతే మళ్లీ బయలుదేరుతుంది! ఇక పళ్ల వరసను నిర్ణయించేది నమిలే బలమనుకుంటాం. అది పెద్దదే, కానీ క్షణికం. పెదవులు, బుగ్గలు, నాలుక రోజంతా మెల్లగా ఒత్తే ఒత్తిడిదే పైచేయి. వంకర వరసను సరిచేయడంలోనూ పట్టుదలలున్నాయి: పళ్ల పొందికను 1899లో వర్గీకరించిన దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ పళ్లన్నిటికీ చోటు కల్పించవచ్చన్న పట్టుదలతో, పన్ను పీకడమే తప్పన్నాడు. చివరికి ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడే పీకి సరిచేయడం మొదలుపెట్టాడు.

ఇంత ఏర్పాటూ మన ఇళ్లలో పాడయ్యేది ఒక్క పొరపాటుతో. ఆరో ఏట వచ్చే మొదటి దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వెనకాల మొలుస్తుంది. అదీ పాలపన్నే, ఎలాగూ ఊడుతుందనుకుని పుచ్చిపోనిస్తారు. కానీ అది శాశ్వత దంతం, పోతే మళ్లీ రాదు. మీ పిల్లల నోరు తెరిపించి ఈ రోజే చూడండి.