రాజుగారి ద్రాక్షకు పుట్టిల్లేది?

గింజల్లేని ద్రాక్ష వచ్చాక గింజల ద్రాక్ష వైపు చూసేవాళ్లే తగ్గిపోయారు. మన చిన్నప్పుడు ఎండలు ముదరకముందే గుంటూరు, ఒంగోలు బజార్లలో తోపుడు బండ్ల మీద పొడుగాటి పండ్లు, లేత పసుపు రంగులో నిగనిగలాడుతూ కనిపించేవి, గుర్తుందా? అదే అనాబ్-ఎ-షాహీ. రాజుగారి ద్రాక్ష అని అర్థం. పేరైతే దర్జాగానే ఉంది. పుట్టింటి సంగతి అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతారు.

1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన మధ్యప్రాచ్యం నుంచి తెచ్చి హైదరాబాదులో నాటారని ఒక కథనం. మధ్యప్రాచ్యమంటే ఒక ఊరా, ఒక దేశమా! కాదు కాదు, హైదరాబాదుకు ద్రాక్ష తెప్పించింది నిజామే, అదీ 20వ శతాబ్దం మొదట్లో అని ఇంకో కథనం. ఆ మాటకొస్తే దక్కనుకు ద్రాక్ష కొత్తేమీ కాదు. 14వ శతాబ్దంలోనే ఇబ్న్ బటూటా దౌలతాబాదు ద్రాక్ష ఏడాదికి రెండు కాపులు కాస్తుందని రాశాడు. ఆయన 1430లో అక్కడికొచ్చాడని కొన్ని వ్యాసాల్లో ఉంటుంది. అప్పటికి ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది! ఇలాంటివి చూశాక 1890 అన్న అంకెనూ కళ్లు మూసుకుని నమ్మబుద్ధి కాదు.

అసలు చిక్కంతా మరోచోట ఉంది. ద్రాక్ష గింజ నాటితే తల్లిలాంటి తీగ రాదు, కొమ్మ నాటితేనే వస్తుంది. ఖాన్‌గారు తెచ్చింది కొమ్మే అయితే దీని తోబుట్టువులు ఆ దేశాల్లో ఎక్కడో ఉండాలి. గింజయితే మాత్రం ఇది అచ్చంగా హైదరాబాదు పిల్లే.

కాలిఫోర్నియాలో 1870ల్లో విలియం థామ్సన్ గింజల్లేని పాత రకమొకటి పెంచితే అది థామ్సన్ సీడ్‌లెస్ అయిపోయింది. మనదగ్గర నాటినాయన పేరు పోయి రాజు పేరు నిలిచింది.

సరే, మన మిరప మాత్రం ఎక్కడిది? అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చిందే. అయినా గుంటూరు మిరప మనది కాదంటే ఊరుకుంటామా?

ఫ్రాన్సులో వైన్‌కు పేరుపడ్డ కాబెర్నే సావిన్యోఁ తల్లిదండ్రులెవరో 1997లో డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. మన తగవు తేలాలన్నా పాత తీగలే సాక్ష్యం. బూజు తెగులుకు ఇట్టే లొంగే రకమిది. పైగా హైదరాబాదు చుట్టుపక్కల చాలా తోటలు ప్లాట్లయిపోయాయి. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్లు దీన్ని వేరే రకాలతో కలిపి అర్కా సోమ, అర్కా హంస అని వైన్ రకాలు తయారుచేశారు. పిల్లలున్నారు గానీ తల్లే తగ్గిపోతోంది.

మీకు తెలిసినవాళ్ల పెరట్లో పందిరి మీద పాత తీగ ఉంటే అక్టోబరులో కత్తిరించిన కొమ్మలు పారేయనివ్వకండి. ముదిరిన కొమ్మను నాలుగు కణుపులుండేలా కోసి, నీళ్లు నిలవని మట్టిలో గుచ్చండి. మన నల్లరేగడి పనికిరాదు, కుండీలో ఎర్రమట్టి పోసుకోవాల్సిందే.